పాత అట్టల మధ్య కొత్త ప్రపంచం

పాత చీర, పాత బిందె, పాత నగ... ఏదైనా సరే, మన ఇళ్ళలో దానికో విలువ ఉంటుంది. అమ్మమ్మ కాసులపేరు సంగతి సరేసరి, అంచు విరిగిన ఊరగాయ జాడీని పారేయడానికి కూడా చేతులు రావు మనకి. పాత పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూపు తక్కెడ మీదికి పోతుంది. కిలో ఎంతకి తీసుకుంటావని పాత పేపర్లవాడితో బేరం మొదలుపెడతాం.

అలాంటి మనకి ఈ సంగతి చెబితే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. 2023 అక్టోబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలం సంస్థ వాళ్ళు ఓ పాత పుస్తకాన్ని పాటకు పెట్టారు. పుస్తకమని పేరేగానీ నాలుగంటే నాలుగు ఆకులు. అది 39 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో 30 కోట్ల రూపాయలకి పైమాటే! తను చూసొచ్చిన దీవుల గురించి కొలంబస్ రాసిన ఉత్తరం అది. 1493లో రోము నగరంలో లాటిన్ భాషలో అచ్చయింది. నిజానికి ఇవాళ మనం అమెరికా, కెనడా అని పిలుస్తున్న ప్రధాన భూభాగం మీద కొలంబస్ కాలు పెట్టనేలేదు. అయినా ఆ ఖండానికి దారి చూపిన మొదటి అచ్చు కాగితం కాబట్టి దానికంత గిరాకీ.

ఉత్తర అమెరికాకి తొలి రోజుల్లో ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు రాసిన పుస్తకాల్ని ఏరి కూర్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ రకం పుస్తకాలన్నిటికీ కలిపి ‘అమెరికానా’ అని పేరు. స్టాంపులూ నాణేలూ పోగుచేసేవాళ్ళలాగే వీళ్ళదీ ఓ పిచ్చి. కాకపోతే కాస్త ఖరీదైన పిచ్చి!

“అమెరికావాళ్ళ పాత పుస్తకాలతో నీకేం పని?” అని నవ్వారు మావారు. కథలు రాసుకునేదాన్ని కదా, ఎక్కడ మంచి మనిషి కథ దొరికినా చదవకుండా ఉండలేను. కోట్లు పోసి కొన్నవాళ్ళు అద్దాల బీరువాల్లో దాచుకున్న ఈ పుస్తకాల పుటలు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల ఉచితంగా దొరుకుతున్నాయి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఫోనులో ఓ పది పేజీలు తిప్పడంతో మొదలైంది నా పరిచయం. ఇప్పుడైతే ఆ పేర్లన్నీ చుట్టాల పేర్లలా నోటికొచ్చేశాయి.

ఏముంటుంది వాటిలో?

ముందుగా చెప్పుకోవలసింది కబెసా ద వాకా అనే స్పెయిన్ దేశస్థుడి పుస్తకం. 1528లో దాదాపు మూడొందల మంది ఫ్లోరిడా తీరంలో దిగి లోపలికి నడిచారు. ఆకలీ, జబ్బులూ, తుఫానులూ అన్నీ కలిసి వాళ్ళని తినేశాయి. ఎనిమిదేళ్ళు అడవులూ ఎడారులూ పట్టి తిరిగి 1536లో మెక్సికో చేరింది నలుగురే. అందులో ఒకడు మొరాకో నుంచి తెచ్చిన బానిస, పేరు ఎస్తెబాన్. ఈ కథ 1542లో స్పెయిన్‌లోని జమోరా ఊళ్ళో అచ్చయింది. జయించొచ్చినవాడు రాసింది కాదిది. బట్టల్లేకుండా, స్థానికులు పెట్టిన తిండి తిని బతికొచ్చినవాడు రాసింది. అందుకేనేమో చదువుతుంటే మనసు కరుగుతుంది.

తర్వాత థామస్ హారియట్ అనే ఇంగ్లీషు పండితుడు వర్జీనియా గురించి 1588లో లండన్‌లో వేసిన చిన్న పుస్తకం. ఆ మొదటి ముద్రణ ప్రతులు ఇవాళ ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. దాన్నే 1590లో థియొడోర్ డి బ్రై అనే చెక్కుడు బొమ్మల నిపుణుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకేసారి నాలుగు భాషల్లో బొమ్మలతో సహా అచ్చేశాడు. ఆ బొమ్మలకి మూలం జాన్ వైట్ అనే చిత్రకారుడి రంగుల చిత్రాలు. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ జాన్ వైట్ కథ వింటే కడుపు తరుక్కుపోతుంది. 1587లో రోనోక్ దీవిలో స్థిరపడడానికి వంద మందికి పైగా ఇంగ్లీషువాళ్ళు వెళ్ళారు. వైట్ వాళ్ళకి గవర్నరు. నిండు చూలాలైన కూతురు ఎలినార్ కూడా ఆయనతోనే వెళ్ళింది. ఆగస్టు 18న ఆమెకి ఆడపిల్ల పుట్టింది. వర్జీనియా అని పేరు పెట్టారు. పసిగుడ్డుకి పట్టుమని పది రోజులు నిండకుండానే, సరుకులు తెస్తానని తాత ఇంగ్లండుకి ఓడెక్కాడు. అక్కడ స్పెయిన్‌తో యుద్ధం వచ్చిపడింది. ఓడలు దొరకలేదు. మూడేళ్ళ తర్వాత 1590లో తిరిగొచ్చేసరికి కూతురూ లేదు, మనవరాలూ లేదు, ఊరే లేదు. ఒక కొయ్య మీద ‘క్రొయటోవన్’ అని దగ్గర్లోని దీవి పేరు చెక్కి ఉంది. అంతే! వాళ్ళేమయ్యారో ఈనాటికీ తేలలేదు. ఆయన బొమ్మలతో డి బ్రై పుస్తకం వెలువడింది సరిగ్గా ఆ ఏడాదే.

అన్నీ నిజాలే ఉంటాయనుకోకండి. లూయీ హెన్నెపిన్ అనే ఫాదిరీ 1697లో వేసిన పుస్తకంలో నయాగరా జలపాతం తొలి అచ్చు బొమ్మ ఉంది. అదే పుస్తకంలో తను మిసిసిపీ నది చివరిదాకా వెళ్ళొచ్చానని పచ్చి అబద్ధం కూడా ఉంది. పోకహాంటస్ అనే అమ్మాయి అడ్డుపడి తన ప్రాణం కాపాడిందని చెప్పిన జాన్ స్మిత్ సంగతీ అలాంటిదే. 1608లో అచ్చయిన అతని తొలి పుస్తకంలో ఆ ఊసే లేదు. 1624 నాటి పెద్ద పుస్తకంలో మాత్రం కథ రంగులద్దుకుని ప్రత్యక్షమైంది. పోకహాంటస్ 1617లోనే ఇంగ్లండులో కన్నుమూసింది. అవునో కాదో చెప్పడానికి ఆమె లేదు. సేకరించేవాళ్ళకి మాత్రం నిజం పుస్తకమైనా అబద్ధం పుస్తకమైనా ఒకటే ముద్దు. మనుషులు ఏం నమ్మారో చెప్పేది కూడా చరిత్రే అంటారు వాళ్ళు.

చీర తిరగేసి చూసినట్టు...

పట్టుచీర కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? కొంగు చూస్తాం, అంచు చూస్తాం, తిరగేసి జరీ చూస్తాం, వెలుతురులో పట్టుకుని ఎక్కడైనా పోగు పోయిందేమో చూస్తాం. పాత పుస్తకం కొనేవాళ్ళదీ ఇదే పని. మొదటి ముద్రణా కాదా? ఆకులన్నీ ఉన్నాయా? ఒక్కో పుటనీ, ఒక్కో బొమ్మనీ, ఒక్కో మ్యాపునీ పాత జాబితాలతో సరిపోల్చి లెక్కపెడతారు. జోసెఫ్ సాబిన్ అనే పుస్తకాల వ్యాపారి 1868లో అలాంటి జాబితా ఒకటి మొదలుపెట్టాడు. ఆయన పోయాక మరో ఇద్దరు చేతులు వేస్తే, 29 సంపుటాలతో 1936కి పూర్తయింది.

అన్నిటికన్నా ముందు మాయమయ్యేది మడతల మ్యాపు. విప్పీ మడిచీ చిరిగిపోతుంది, లేకపోతే ఎవరో కోసుకుపోయి గోడకి ఫ్రేము కట్టించుకుంటారు. లూయిస్, క్లార్క్ ఇద్దరూ చేసిన ప్రయాణం గురించి 1814లో ఫిలడెల్ఫియాలో వేసిన రెండు సంపుటాలున్నాయి. క్లార్క్ గీసిన పెద్ద మ్యాపు లోపల భద్రంగా ఉంటే వాటికి ఒక ధర, లేకపోతే మరో ధర. రెంటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. పోయిన ఆకు స్థానంలో నకలు ఆకు చేర్చి కుట్టేసే ఘనులూ ఉంటారు. పైకి మెరిసిపోవాలని పాత అట్ట పీకి కొత్త తోలు అట్ట వేయించినా చాలాసార్లు విలువ తగ్గుతుందే తప్ప పెరగదు. మన పాతకాలపు నగని కరిగించి కొత్త డిజైను చేయించినట్టన్నమాట.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకోటుంది. నాలుగొందల ఏళ్ళ నాటి పుస్తకం కాగితం ఇప్పటికీ దిట్టంగా ఉంటుంది. నూటపాతికేళ్ళ నాటిది మాత్రం ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. ఎందుకంటే ఆ రోజుల్లో యూరపులో కాగితం చిరిగిన నార బట్టలతో తయారయ్యేది. మనం పాతబట్టలకి స్టీలు సామాన్లు తీసుకున్నట్టు, అక్కడ గుడ్డపేలికలు ఏరి కాగితం మిల్లులకి అమ్మేవాళ్ళు. 19వ శతాబ్దంలో చెక్క గుజ్జు వచ్చింది. అందులో ఉండే ఆమ్లం కాగితాన్ని లోలోపలే తినేస్తుంది. అంటే హారియట్, స్మిత్‌ల మాటల్ని ఇన్నేళ్ళు మోసింది ఏ ఇల్లాలో కట్టి విడిచిన పాత గౌనులూ దుప్పట్లేనన్నమాట!

దొంగలూ ఉన్నారు

విలువ ఉన్నచోట దొంగ ఉండక తప్పదు కదా. 2005 జూన్‌లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం అరుదైన పుస్తకాల గ్రంథాలయంలో చదువుకునే హాల్లో నేల మీద చిన్న బ్లేడు ఒకటి పడి ఉంది. అక్కడ పనిచేసే ఒక ఉద్యోగిని కంట అది పడింది. పుస్తకాల మధ్య బ్లేడుకేం పని అని ఆమెకి అనుమానం వచ్చింది. కూపీ లాగితే తీగ కదిలి డొంకంతా బయటపడింది. ఫోర్బ్స్ స్మైలీ అనే పేరుమోసిన మ్యాపుల వ్యాపారి, పెద్దమనిషిలా వచ్చి పాత పుస్తకాల్లోంచి మ్యాపులు కోసి పట్టుకుపోతున్నాడు. మొత్తం 97 మ్యాపులు దొంగిలించానని ఒప్పుకున్నాడు. 2006లో మూడున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. నేల మీద పడ్డ పిన్నీసుని కూడా వదలకుండా ఏరే మన ఆడవాళ్ళ చూపుకి జేజేలు చెప్పాలనిపించింది నాకు.

కొలంబస్ ఉత్తరానికీ ఈ తిప్పలు తప్పలేదు. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో రికార్దియానా గ్రంథాలయం వాళ్ళ ప్రతిని ఎవరో ఎత్తుకుపోయి, దాని చోట నకిలీది పెట్టారు. అసలుది చేతులు మారి మారి చివరికి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరింది. నిజం తెలిశాక 2016లో అమెరికా దాన్ని ఇటలీకి తిరిగి అప్పగించింది. అందుకే పేరున్న సేకర్తలు పుస్తకం ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వచ్చిందో వంశవృక్షంలా ఆరా తీసిగానీ డబ్బు కట్టరు.

పెద్ద పెద్ద సేకరణలు చాలావరకు చివరికి గ్రంథాలయాలయ్యాయి. ప్రావిడెన్స్ నగరంలో జాన్ కార్టర్ బ్రౌన్ పోగుచేసిన పుస్తకాల్ని 1874లో ఆయన పోయాక భార్య సోఫియా అగస్టా, కొడుకూ కాపాడుకుంటూ వచ్చారు. ఆ కొడుకూ పోయాక అవి బ్రౌన్ విశ్వవిద్యాలయానికి దక్కాయి. ఇవాళ తొలినాటి అమెరికా చరిత్ర తెలుసుకోవాలంటే ఆ గ్రంథాలయం గడప తొక్కవలసిందే. భర్త పోయిన మర్నాడే ఆయన పుస్తకాల బీరువా ఖాళీ చేయించే ఇళ్ళు నాకు తెలుసు. అందుకే సోఫియమ్మ మీద గౌరవం కలిగింది.

పేరు లేని ఆడవాళ్ళు

ఇక అసలు నన్ను కట్టిపడేసిన విషయానికొస్తాను. ఈ పుస్తకాల అట్టల మీద ఉన్నవన్నీ మగవాళ్ళ పేర్లే. లోపలికి వెళితేగానీ ఆడవాళ్ళు కనబడరు. కనబడ్డా చాలామందికి పేరుండదు.

శామ్యూల్ హెర్న్ అని హడ్సన్స్ బే కంపెనీ ఉద్యోగి. కెనడా ఉత్తర ప్రాంతమంతా కాలినడకన తిరిగాడు. అతని పుస్తకం 1795లో, అతను పోయిన మూడేళ్ళకి లండన్‌లో అచ్చయింది. మొదటి రెండు ప్రయాణాలూ విఫలమై వెనక్కొస్తుంటే మతొనబ్బీ అనే స్థానిక నాయకుడు ఎదురై ఒక మాట చెప్పాడట. నీ వెంట ఆడవాళ్ళు లేరు, అందుకే ఓడిపోయావు అని. ఒక్కో ఆడది ఇద్దరు మగాళ్ళ బరువు మోస్తుంది, గుడారం వేస్తుంది, బట్టలు కుడుతుంది. పైగా వాళ్ళకి తిండి ఖర్చు కూడా లేదట. వంట చేసేది వాళ్ళే కాబట్టి కరువు రోజుల్లో వేళ్ళు నాక్కున్నా సరిపోతుందట! చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటిల్లిపాదికీ వడ్డించి, అడుగంటిన కూరతో సరిపెట్టుకునేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారన్నమాట. ఏమైతేనేం, మతొనబ్బీ ఆడవాళ్ళని వెంటబెట్టుకుని బయల్దేరదీశాకే 1771లో హెర్న్ ఉత్తర సముద్రం చూడగలిగాడు.

అదే పుస్తకంలో ఇంకో ఆడమనిషి ఉంది. 1772 జనవరిలో మంచులో ఒంటరి అడుగుజాడలు చూసి వెళితే, చిన్న గుడిసెలో ఒక్కతే కూర్చుని ఉందట. డోగ్రిబ్ తెగ అమ్మాయి. శత్రువులు ఆమెని ఎత్తుకుపోయారు, చంటిబిడ్డని చంపేశారు. ఎలాగో తప్పించుకుంది. దారి తెలియక ఏడు నెలలు మనిషి ముఖం చూడకుండా ఆ అడవిలోనే బతికింది. చేతిలో ఉన్నవి ఇనుప పట్టీ ముక్కతో చేసుకున్న చిన్న కత్తి, బాణం మొనతో చేసుకున్న ఒక ఆరె. కుందేళ్ళకి ఉచ్చులు పన్నింది. ఆ కుందేళ్ళ కాళ్ళ నరాలతోనే దారం చేసుకుంది. రెండు రాళ్ళు కొట్టి నిప్పు పుట్టించి, చలికాలమంతా ఆ నిప్పు ఆరిపోకుండా కాపాడుకుంది. వసంతం వస్తే చేపలు పట్టాలని విల్లో చెట్టు లోపలి నారతో వలకి తాడు పేనుతూ కూర్చుంది.

ఇంతా చేసి, ఆమె ఒంటి మీది కుందేలు తోలు బట్టలు ఎంత చక్కగా, అందంగా కుట్టుకుందో చూసి హెర్న్ ముచ్చటపడ్డాడు. చూసేవాళ్ళు ఒక్కరూ లేని అడవిలో అందమైన కుట్టు! ఆ వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బతకడమొక్కటే చాలదు, బాగా బతకాలి అనుకుందా తల్లి. ఆ తర్వాతేమైందో తెలుసా? ఆమె ఎవరికి భార్య కావాలో తేల్చుకోవడానికి అక్కడి మగాళ్ళు కుస్తీపట్లు పట్టారు. ఆమె కత్తి పొడవెంతో రాసిన హెర్న్ ఆమె పేరు మాత్రం రాయలేదు.

లూయిస్, క్లార్క్‌ల వెంట నడిచిన సకాగవియా పేరైనా మిగిలింది. 1805 ఫిబ్రవరిలో ఆమెకి కొడుకు పుట్టాడు. వాణ్ణి వీపున కట్టుకునే పసిఫిక్ సముద్రం దాకా వెళ్ళొచ్చింది. మే నెలలో ఓ రోజు పడవ ఒరిగిపోయి, కాగితాలూ పరికరాలూ మందులూ నీళ్ళపాలవుతుంటే మొగుడు బెంబేలెత్తిపోయాడు. ఆమె మాత్రం తేలిపోతున్న సామానుని ఒక్కొక్కటే చెయ్యిచాచి అందుకుంది. ప్రయాణం ముగిశాక ఆమె భర్తకి 500 డాలర్ల జీతం ముట్టింది. ఆమెకి ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు. ఇప్పుడు అదే ప్రయాణం పుస్తకాన్ని వేలంలో లక్షల డాలర్లు పెట్టి కొంటుంటే, నాకు ఆ పడవలో చెయ్యి చాచిన పదహారు పదిహేడేళ్ళ పిల్లే కళ్ళ ముందు మెదులుతుంది.

మనకేంటి సంబంధం?

మావారి ప్రశ్నకి నా దగ్గర ఇంకో జవాబు కూడా ఉంది. రిచర్డ్ హాక్లూట్ అనే ఆయన ఇంగ్లీషువాళ్ళ సముద్రయానాలన్నీ పోగుచేసి 1598 నుంచి 1600 వరకు మూడు పెద్ద సంపుటాలుగా వేశాడు. అమెరికా పుస్తకాలు సేకరించేవాళ్ళకి మూడో సంపుటం కంటికి వెలుగు. దాని పక్కనే ఉండే రెండో సంపుటం తిప్పితే మన గోల్కొండ కనబడుతుంది! 1583లో లండన్ నుంచి బయల్దేరిన రాల్ఫ్ ఫిచ్ అనే వ్యాపారి కుతుబ్ షాహీల గోల్కొండకి వచ్చాడు. చక్కని ఇళ్ళు, పళ్ళు, మంచినీళ్ళు సమృద్ధిగా ఉన్న ఊరని మెచ్చుకున్నాడు. మచిలీపట్నం రేవుకి వచ్చే ఓడల సంగతీ రాశాడు. ఒకే బీరువాలో, ఒకే అరలో వర్జీనియా, గోల్కొండ పక్కపక్కన! వాళ్ళకి రెండూ ‘కనుక్కున్న’ దేశాలే మరి. మనింటికి వచ్చిన చుట్టం, మీ ఇల్లు నేనే కనుక్కున్నానంటే ఎలా ఉంటుంది? అక్కడ వేల ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళకీ అలాగే ఉండి ఉంటుంది.

అలాంటప్పుడు ఆ కాలపు పుస్తకాలు దాచడం దేనికని అడగొచ్చు. దీనికి జవాబు చెప్పిన స్త్రీ ఒకామె ఉంది. మసాచుసెట్స్ తీరంలో వాంపనోగ్ అనే తెగ ఉంది. తెల్లవాళ్ళ ఓడలు మొదట చూసినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. వాళ్ళ భాష మాట్లాడే మనిషి వందేళ్ళకి పైగా లేకుండా పోయాడు. ఆ తెగలో పుట్టిన జెస్సీ లిటిల్ డో బేర్డ్ అనే ఇల్లాలు 1993లో దాన్ని మళ్ళీ బతికించే పని నెత్తికెత్తుకుంది. పిల్లలు పుట్టాక పెద్ద చదువుకి వెళ్ళి భాషాశాస్త్రం నేర్చుకుంది. ఆమెకి ఆధారమైనవేమిటి? ఆ భాషలో 1663లో అచ్చయిన పాత బైబిలు, పాత దస్తావేజులు, కాగితాలు. ఎవరో దాచారు కాబట్టి దొరికినవి. వాటిలోంచి ఒక్కో మాటా ఏరి, కూర్చి, పలికి, తన చిన్న కూతురికి ఉగ్గుపాలతోపాటు ఆ భాషే నేర్పింది. ఎన్నో తరాల తర్వాత ఆ భాష తల్లిభాషగా ఎదిగిన మొదటి పిల్ల ఆ అమ్మాయే. 2010లో ఆ తల్లికి మెకార్తర్ ఫెలోషిప్ ఇచ్చి గౌరవించారు.

మనకి కోట్లు లేవు, వేలంపాటలూ అక్కర్లేదు. అయినా మన అటకల మీద ఏమేం ఉన్నాయో ఓసారి దించి చూడండి. బామ్మ చేతిరాత పాటల నోటుబుక్కు, తాతగారి కాశీయాత్ర డైరీ, పెళ్ళిఖర్చుల పద్దు పుస్తకం... ఏదో ఒకటి ఉండకపోదు. పొడి చేతులతో తీసి, దుమ్ము దులిపి, ఎండ, చెమ్మ తగలని చోట నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. బామ్మ పేరు తెలిస్తే ఓ చీటీ మీద రాసి అందులో ఉంచండి. హెర్న్ చేయని ఆ ఒక్క పని మనం చేద్దాం.